కొలతకు భేష్, కూడికకు వద్దు: 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్

పీఎల్‌సీల్లో (కర్మాగార యంత్రాలను నడిపే కంట్రోలర్లలో) ‘రియల్’గా పిలిచే 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ (బిందువు అవసరాన్ని బట్టి జరిగే) సంఖ్యలతో ఏళ్ల తరబడి పనిచేశాక చెబుతున్నాను: ఉష్ణోగ్రత, పీడనం, ప్రవాహం వంటి కొలతలకు ఇంతకన్నా సుఖమైన రూపం లేదు. పూర్ణాంకాలతో స్కేలింగ్ చేస్తే దశాంశ బిందువు ఎక్కడుందో ప్రతిచోటా గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ ఆ బెడద లేదు. దాదాపు ఏడు అంకెల కచ్చితత్వం దొరుకుతుంది. కొలతను 4–20 మిల్లీఆంపియర్ల కరెంటుగా పంపే ట్రాన్స్‌మిటర్‌కు అది ఎక్కువే.

చిక్కంతా టోటలైజర్‌తోనే, అంటే పారిన మొత్తాన్ని కూడుతూ పోయే లెక్కతోనే. విలువ పెరిగేకొద్దీ ఈ రూపంలో పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం కూడా పెరుగుతుంది. స్కాన్‌కు (ప్రోగ్రామ్ ఒక్కో చుట్టుకు) 0.01 లీటరు చొప్పున కూడుతున్నామనుకోండి. మొత్తం 1,31,072 లీటర్లు దాటాక ఆ ఎడం 0.015625. కలిపిన 0.01 దగ్గరి సంఖ్యకు సర్దుకుని 0.015625గా జమవుతుంది. అంటే లెక్క సగానికి పైగా ఎక్కువ పడుతుంది! 2,62,144 దగ్గర ఎడం రెట్టింపవుతుంది. 0.01 అందులో సగం కూడా లేదు కనుక మొత్తం అక్కడే నిలిచిపోతుంది. ద్రవం మాత్రం పారుతూనే ఉంటుంది, ఏ అలారమూ మోగదు. కొలతను సెట్‌పాయింట్ (కోరిన విలువ) దగ్గర నిలిపే పీఐడీ నియంత్రణ లూపుల్లోనూ, ఇంటిగ్రల్ సమయం (తేడాను కూడుతూ సరిదిద్దే వేగాన్ని నిర్ణయించే అమరిక) బాగా ఎక్కువగా, స్కాన్ వేగంగా ఉంటే ఇదే జబ్బు. చిన్న చిన్న సవరణలు కూడికలో మాయమై, విలువ సెట్‌పాయింట్‌కు కాస్త ఇవతలే ఆగుతుంది.

అందుకే మొత్తాలకు 64 బిట్ల ‘ఎల్‌రియల్’ వాడతాను. ఆ సౌకర్యం లేని కంట్రోలర్లలో లీటర్లను పూర్ణాంకంలో, భిన్నాన్ని రియల్‌లో విడిగా ఉంచి, భిన్నం ఒకటికి చేరినప్పుడల్లా ఆ ఒకటిని పూర్ణాంకానికి బదిలీ చేస్తాను.

మోడ్‌బస్ (పరికరాల మధ్య డేటా పంపే పద్ధతి) మీద ఇంకో జాగ్రత్త కావాలి. దాని రిజిస్టరు (విలువ ఉంచే గడి) 16 బిట్లే కాబట్టి ఒక రియల్ రెండింటిలో కూర్చుంటుంది. ఏది ముందు అన్నది ఒక్కో తయారీదారుది ఒక్కో పద్ధతి. వరస తారుమారైతే 1.0 కాస్తా తెర మీద 0.00గా కనిపించి, మూసిన వాల్వులా నమ్మిస్తుంది. సున్నా కాని, తెలిసిన విలువను పంపి చూడకుండా ఏ పరికరాన్నీ లూపులో కలపనివ్వను.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ‘నాన్’, అంటే సంఖ్య కాని విలువ. సున్నాను సున్నాతో భాగించినా ఇదే పుడుతుంది. పరిమితి కన్నా ఎక్కువా అని అడిగితే కాదంటుంది, తక్కువా అన్నా కాదనే అంటుంది. దాంతో రెండు అలారాలూ మౌనంగా ఉండిపోతాయి. ఫ్లోటింగ్ పాయింట్ లెక్కల ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం అది తనతో తానే సమానం కాదు. కాబట్టి అలారం బ్లాకుకు ముందు విలువను దానితోనే పోల్చే ఆ ఒక్క పరీక్ష పెట్టి, విఫలమైతే సిగ్నల్‌ను చెడినదిగా ప్రకటించండి.