సీప్యాప్ మెషీన్: ఏళ్ల తరబడి వాడాక

నిద్రలో ముఖానికి పెట్టుకున్న మాస్కు గుండా గాలి పంపే ఈ మెషీన్‌ను గురక ఆగడానికి కొన్నానని అందరూ అనుకుంటారు. నేను కొన్నది పగటిపూట మెలకువగా ఉండటానికి. రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేచినా, పదకొండయ్యేసరికి ఆఫీసులో కళ్లు మూతలు పడేవి. పొద్దున్నే తలనొప్పి. చిన్న మాటకే ఇంట్లోవాళ్ల మీద చిరాకు. రాత్రిళ్లు మాటిమాటికీ బాత్‌రూమ్‌కి లేస్తుంటే షుగరేమోనని పరీక్ష చేయించాను, లేదన్నారు. బీపీ మాత్రం మాత్రలకు లొంగేది కాదు.

"గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆపేస్తారండీ, భయమేసి తట్టి లేపుతాను" అని మా ఆవిడ చెప్పాకే డాక్టరు స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష, రాశారు. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, లేదా బాగా తగ్గింది అనే లెక్కను ఏహెచ్ఐ అంటారు. 5 లోపుంటే మామూలు, 30 దాటితే తీవ్రం. నాది 40 పైనే. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాస దారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. అలా లేచిన సంగతి పొద్దునకి గుర్తుండదు. మంచం మీద ఎనిమిది గంటలున్నా ఒంటికి పట్టే నిద్ర ఉండదు.

ఆ దారి మూసుకోకుండా గాలిని ఒత్తిడితో పంపడమే ఈ మెషీన్ పని. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ బృందం లోకానికి చూపిన పద్ధతి ఇది. నాది ఆటో రకం, ఎంత ప్రెషర్ కావాలో అదే సర్దుకుంటుంది. మోటారు చప్పుడు ఫ్యాన్ కింద వినపడనే వినపడదు.

చిక్కంతా మాస్కుతోనే. ముక్కూ నోరూ కప్పే మాస్కు మొదట ఇచ్చారు. పక్కకు తిరిగితే చాలు, గాలి లీకై కళ్లలోకి కొట్టేది. ముక్కు దూలం మీద ఎర్రటి గీత మధ్యాహ్నం దాకా పోయేది కాదు. పట్టీలు బిగించేకొద్దీ లీకు ఇంకా పెరిగేది. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న రకానికి మారాక ప్రాణం లేచొచ్చింది. రోజూ పొద్దున దాని సిలికాన్ కుషన్‌ను సబ్బునీళ్లతో కడగాలి. ముఖం జిడ్డు అంటితే ఆ రాత్రి మళ్లీ లీకే. ఏసీ గదిలో ట్యూబులో నీళ్లు చేరి గుడగుడమంటాయి. ట్యూబును దుప్పటి కిందుగా పెట్టుకుంటే తగ్గింది. గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్‌లో బోరు నీళ్లు పోస్తే అడుగున తెల్లపొర కడుతుంది, డిస్టిల్డ్ వాటరే పోయండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది, కాకపోతే హ్యూమిడిఫయర్ హీటర్ ఆపేయాలి. రైలు ప్రయాణానికి విడిగా బ్యాటరీ ఉండాల్సిందే. రాత్రిళ్లు ఛార్జింగ్ పాయింట్లు ఆపేస్తుంటారు.

మొదట మాయమైంది తలనొప్పి, ఆ వెనకే బాత్‌రూమ్ పరుగులు. బీపీ మాత్రల్లో ఒకటి డాక్టరే తగ్గించారు. బరువు మాత్రం తులమైనా తగ్గలేదు. మెషీన్ పెట్టుకుంటే సన్నబడతామని అమ్మేవాళ్లు చెప్పినా నమ్మకండి.

నాకు అన్నిటికన్నా విలువైనది హైవే మీద తెలిసింది. ఇదివరకు విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తూ సూర్యాపేట దాటేలోపే అద్దం దించి ముఖాన నీళ్లు కొట్టుకునేవాణ్ని. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధకులు తేల్చారు. మన చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. తాగినవాణ్ని పట్టే గొట్టం పోలీసుల దగ్గరుంది, నిద్ర చాలనివాణ్ని పట్టేది ఇంకా రాలేదు. ఇప్పుడు ఆ దారిలో టీ కోసం ఆగుతున్నానే గానీ నిద్ర ఆపుకోవడానికి కాదు.

ధర తక్కువేమీ కాదు, వేలల్లో పని. స్లీప్ స్టడీ లేకుండా, డాక్టరు ప్రెషర్ రాయకుండా కొనొద్దు. మెషీన్లు అద్దెకూ దొరుకుతాయి. కొన్నాళ్లు అలా వాడి, మాస్కు కుదిరాకే డబ్బు కట్టండి. మాస్కు ముఖానికి పెట్టి చూపించడానికి డీలర్లు సణుగుతారు, అయినా పడుకుని పక్కకు తిరిగి చూసేదాకా లేవకండి.