ఆర్‌సీ పోయిన కారా, ఆర్‌సీ ఉండి యజమాని లేని కారా: ఏది మేలు?

ఒకే మోడల్, ఒకే సంవత్సరం, ఇంచుమించు ఒకే ధర ఉన్న రెండు పాత కార్లు మన ముందున్నాయనుకుందాం. మొదటి కారు అమ్మే వ్యక్తే దాని యజమాని, కానీ ఆర్‌సీ కార్డు (రిజిస్ట్రేషన్ పత్రం) పోయిందంటున్నాడు. రెండో కారు అమ్మేవాడి చేతిలో ఆర్‌సీ ఉంది, సంతకాలు చేసిన ఫారాలూ ఉన్నాయి, కానీ ఆర్‌సీలో ఉన్నది వేరే వ్యక్తి పేరు. కార్డు కంటికి కనిపిస్తుంది కాబట్టి చాలామంది రెండో దానివైపే మొగ్గుతారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా విరుద్ధం.

ఆర్‌సీ కార్డు రవాణా శాఖ రికార్డుకు ప్రతి మాత్రమే. అది పోతే యజమాని పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ కాగితం జతపరిచి, ఫారం 26తో డూప్లికేట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. అది చేతికందాక బదిలీకి వాడే ఫారం 29, ఫారం 30 మీద కావలసిన సంతకాలు పడితే బదిలీ మామూలుగానే సాగుతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. "పోయింది" అన్న ఆర్‌సీ నిజానికి పోకుండా, ఏ వడ్డీ వ్యాపారి బీరువాలోనో తాకట్టుగా ఉండవచ్చు. బ్యాంకు అప్పు అయితే రికార్డులో హైపోథెకేషన్‌గా (అప్పు తీరేదాకా కారు మీద బ్యాంకుకుండే హక్కుగా) కనిపిస్తుంది, ఇన్సూరెన్స్ పాలసీ మీద కూడా సాధారణంగా ఆ బ్యాంకు పేరు ఉంటుంది. చేబదులు తాకట్టు మాత్రం ఎక్కడా నమోదు కాదు. అందుచేత డూప్లికేట్ తీయించే బాధ్యత అమ్మేవాడికే వదిలి, అంతవరకు కొద్దిపాటి అడ్వాన్సు మించి ఇవ్వకుండా ఉండటమే క్షేమం. కారు మీద చెక్కిన చాసిస్, ఇంజను నంబర్లను రికార్డుతో స్వయంగా పోల్చుకోవాలి. నంబరు ప్లేటు చూసి తృప్తిపడితే చాలదు.

రెండో కారు సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, రాష్ట్రంలోపలే అమ్మిన వ్యక్తి 14 రోజుల్లో, కొన్న వ్యక్తి 30 రోజుల్లో బదిలీ విషయం తెలియజేయాలి. ఆ పని చేయకుండా ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని కారును చేతులు మార్చుకుంటూ పోవడం మన బజార్లలో మామూలు. ఆ గొలుసులో చివరివాళ్లం మనం అవుతాం. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో పాత యజమాని ఫోనుకు ఓటీపీ వెళ్లే పద్ధతి వచ్చాక, సంతకాలున్న ఫారాల విలువ బాగా పడిపోయింది. ఆయన కారును బావమరిదికి అప్పగించి అమెరికా వెళ్లిపోయి ఉంటే, పాత ఫోను నంబరు ఎప్పుడో ఆగిపోయి ఉంటే, మనం పట్టుకోవడానికి ఆధారమే ఉండదు. "సంతకాల సంగతి మేం చూసుకుంటాం" అని బ్రోకరు అన్నాడంటే దానికి ఫోర్జరీ అని తప్ప వేరే అర్థం లేదు.

పైగా ప్రమాదం జరిగినప్పుడు చిక్కు రెండు వైపులా ఉంటుంది. నాలుగు చేతులు మారిన ఒక కారు ప్రమాదం చేసిన కేసులో, ఆర్‌సీలో పేరున్న మొదటి యజమానే చట్టం దృష్టిలో యజమాని, పరిహారం బాధ్యత ఆయనదే అని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. ఇటు మన కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ వేద్దామంటే, పాలసీ మన పేర లేదు కాబట్టి కంపెనీ తిరస్కరించవచ్చు. అయితే ఆ తీర్పే మనకు ఒక విధంగా సాయపడుతుంది: పాత యజమాని ఆచూకీ దొరికితే, ఈ బరువు ఇంకా తన నెత్తినే ఉందని తెలిసిన మనిషి సంతకానికి సాధారణంగా వెనుకాడడు. ఆయన స్వయంగా వస్తే రెండో కారు కూడా మంచి బేరమే.

యజమాని చనిపోయిన కారును ఈ రెంటికీ మధ్యన పెడతాను. వారసులు మరణ ధ్రువీకరణ పత్రంతో, ఫారం 31తో ముందు తమ పేరుకు మార్చుకుని, ఆ తర్వాత మనకు అమ్మాలి. పెద్దకొడుకు ఒక్కడే బేరం మాట్లాడుతుంటే, తల్లి, అక్కచెల్లెళ్ల అంగీకారం రాతపూర్వకంగా ఉందా అని అడగడానికి మొహమాటపడకూడదు.

అప్పు తీరినా హైపోథెకేషన్ తొలగించని కారుకు బ్యాంకు ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఆ నమోదు తీసేయించే ఫారం 35 ఉంటే సరిపోతుంది, దీనికి భయపడనక్కరలేదు. అక్కడి రవాణా శాఖ ఎన్‌ఓసీ లేకుండా వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కారుకు మాత్రం నేను దూరం. పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఢిల్లీలో ఆంక్షలు వచ్చాక అక్కడి బండ్లు చవగ్గా హైదరాబాదు దాకా వస్తున్నాయి. కానీ ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టేసరికి ఆ చవకలో ఎంతో భాగం కరిగిపోతుంది.

ధరలో యాభై, అరవై వేలు తగ్గిస్తామన్నా యజమాని దొరకని కారును నేను కొనను. ఒక్క సందర్భంలో మినహాయింపు ఇస్తాను. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, పాత వాహనాల డీలరు రవాణా శాఖ నుంచి అధికార పత్రం పొందవచ్చు, కారును ఆ డీలరుకు అప్పగించినట్టు యజమాని తెలియజేస్తే బదిలీ అయ్యేవరకు డీలరునే యజమానిగా భావిస్తారు. కాబట్టి వేరొకరి పేరున్న కారును డీలరు చూపిస్తే, ఆర్‌సీ కన్నా ముందు ఆ అధికార పత్రమూ, అప్పగింత సమాచారపు ప్రతీ చూపించమని అడగాలి.