జియోస్పార్కల్, వికీడేటా, జియోనేమ్స్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

భూగోళ డేటాను సెమాంటిక్ వెబ్ పద్ధతిలో, అంటే విషయాల మధ్య సంబంధాలను యంత్రానికి అర్థమయ్యేలా రాసే పద్ధతిలో, వాడటం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. పరిశోధన కోసం మొదలుపెట్టింది కాస్తా ఇప్పుడు నా రోజువారీ పనిలో భాగమైపోయింది. ఈ వైపు కొత్తగా వస్తున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఇది నిజంగా పనికొస్తుందా, లేక పేపర్లు రాసుకోవడానికేనా? పనికొస్తుంది. దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ముందే తెలిస్తే బోలెడు టైమ్ మిగులుతుంది. చోట్లకు గుర్తింపు ఇవ్వడంలో, వాటి మధ్య సంబంధాలు చెప్పడంలో దీనికి సాటి లేదని నా నమ్మకం. సరిహద్దు గీతల మీద లెక్కలు కట్టే భారాన్ని మాత్రం దీని నెత్తిన పెట్టకూడదు.

ముందు వికీడేటా సంగతి. అందరూ కలిసి నింపే డేటాబేస్ ఇది. 2012లో మొదలైన ఈ ప్రాజెక్టులో ప్రతి చోటుకూ ఒక ఐడీ ఉంటుంది. పేరు మారినా, భాష మారినా ఐడీ అలాగే ఉంటుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌నే తీసుకోండి. 1914లో పెట్రోగ్రాడ్ అయింది, 1924లో లెనిన్‌గ్రాడ్ అయింది, 1991లో మళ్లీ పాత పేరుకు వచ్చింది. పేరుకు ఒకే కాలమ్ ఉన్న జీఐఎస్ (భూగోళ సమాచార వ్యవస్థ) టేబుల్‌తో 1930ల నాటి రికార్డును జాయిన్ చేయబోతే లెనిన్‌గ్రాడ్ అన్న పేరు ఎక్కడా కలవదు. వికీడేటాలో ఒక్కో పేరు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లిందో క్వాలిఫయర్‌గా (పక్కన చేర్చే అదనపు వివరంగా) రాసే వీలుంది. పాత పత్రాలతో, పాత జనాభా లెక్కలతో పని చేసేవాళ్లకు ఇది వరం. ఈ ఒక్క కారణం చాలు, నేను దీన్ని వదలకపోవడానికి.

సంబంధాల విషయంలో డాన్యూబ్ నది మంచి ఉదాహరణ. అది పది దేశాలను తాకుతూ పోతుంది. అందులో మొల్డోవా వాటాకు వచ్చే తీరం కిలోమీటరు కూడా లేదు. ప్రపంచ పటం స్థాయికి సరళం చేసిన సరిహద్దులు తీసుకుని, నది గీత ఏయే దేశాలను ఖండిస్తోందో లెక్కిస్తే మొల్డోవా జారిపోయే ప్రమాదం ఎక్కువ. అదే, నది ఐడీ దగ్గర 'ఏ దేశాల్లో ఉంది' అన్న సంబంధాన్ని నేరుగా ట్రిపుల్‌గా (విషయం, సంబంధం, విలువ అన్న మూడు ముక్కల వాక్యంగా) రాసి పెట్టి ఉంటే, పటం ఎంత ముతకగా ఉన్నా జవాబు చెడదు. మనిషి చూసి, సరిచేసి రాసిన సంబంధానికి ఉన్న విలువ ఇక్కడ తెలుస్తుంది.

వికీడేటా క్వెరీ సర్వీసులో ఒక బిందువు చుట్టూ ఇన్ని కిలోమీటర్లలో ఉన్నవి, ఒక పెట్టె లోపల ఉన్నవి అని అడిగే సౌకర్యం ఉంది. చిన్న పనులకు చాలా బాగుంటుంది. ఒక్కో క్వెరీకి 60 సెకన్ల గడువు మాత్రమే ఉంటుంది కాబట్టి ఖండం మొత్తం మీద ప్రశ్నలు వేయాలంటే డంప్ (డేటా మొత్తం ఉన్న ఫైలు) దించుకుని సొంత మెషిన్ మీద నడుపుకోవాల్సిందే. ఇంకో సంగతి: చంద్రుడి మీది బిలాలకు కూడా అందులో అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. 'కోఆర్డినేట్లు ఉన్నవన్నీ ఇవ్వు' అని అడిగినప్పుడు గ్రహం ఏదో చూసి వడపోయకపోతే అవి కూడా వచ్చి భూమి పటం మీద కూర్చుంటాయి.

చోట్ల పేర్ల డేటాబేస్ జియోనేమ్స్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. కోటికి పైగా చోట్లు, తొమ్మిది పెద్ద తరగతులు, ఒక్కో చోటుకు ఒక బిందువు. ఊళ్ల పేర్లు వెతకడానికి ఇప్పటికీ నా మొదటి ఆసరా అదే. కానీ వేరే డేటాసెట్‌తో కలిపేటప్పుడు జాగ్రత్త పడాలి. జియోనేమ్స్‌లో జనావాసంగా ఊరు ఒక రికార్డు, పాలనా విభాగంగా అదే ఊరు ఇంకో రికార్డు. చాలా డేటాసెట్లలో రెండూ కలిసి ఒకటే. ఈ ఒకదాన్ని ఆ రెండింటితోనూ 'సేమ్ యాజ్' లింకుతో కలిపేస్తే, తర్కం ప్రకారం ఆ రెండూ కూడా ఒకటే అయిపోతాయి. అప్పుడు ఒక చోటుకు రెండు జనాభాలు, రెండు వైశాల్యాలు వచ్చి చేరతాయి. 'సేమ్ యాజ్' అంటే అన్ని విధాలా ఒకటే అని అర్థం. 'దాదాపు అదే' అన్న చోట కూడా దాన్ని వాడేయడం ఈ రంగంలో చూసి చూసి విసిగిపోయిన అలవాటు. దగ్గరి పోలిక చెప్పడానికి స్కాస్ అనే ప్రామాణిక పదజాలంలో 'క్లోజ్ మ్యాచ్' అని మెత్తటి లింకు ఉంది. దయచేసి దాన్ని వాడండి.

ఇక అసలు విషయం, జియోస్పార్కల్. ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం చోట్లనూ వాటి ఆకారాలనూ ట్రిపుల్స్‌గా రాసి, వాటి మీద ప్రశ్నలు వేసే ఈ పద్ధతిని 2012లో ప్రమాణంగా తెచ్చింది. ఫీచర్ (చోటు) వేరు, దాని జామెట్రీ (ఆకారం) వేరు అని విడదీయడం ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం. ఒక నగరానికి ముతక గీత, సన్నటి గీత, కేంద్ర బిందువు మూడూ పెట్టుకోవచ్చు, నగరం మాత్రం ఒకటే. సంబంధాల కోసం మూడు కుటుంబాలు ఇచ్చారు: సింపుల్ ఫీచర్స్, ఎగెన్‌హోఫర్, ఆర్‌సీసీ8. ఒక్కోదాంట్లో ఎనిమిది చొప్పున మొత్తం ఇరవై నాలుగు. సిద్ధాంతంగా అందమైనవే. పనిలో నేను వాడేవి 'లోపల ఉంది', 'కలుస్తుంది', 'ఆనుకుని ఉంది' అన్నవే.

వాటిలో 'ఆనుకుని ఉంది' అన్నది నన్ను బాగా ఏడిపించింది. రెండు పొరుగు జిల్లాల సరిహద్దులు వేర్వేరు మూలాల నుంచి వచ్చాయనుకోండి. గీతలు ఎక్కడా సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడవు. కొన్ని చోట్ల సన్నటి ఖాళీ, కొన్ని చోట్ల సన్నటి అతివ్యాప్తి. దాంతో క్వెరీలకు జవాబిచ్చే ఇంజన్ 'ఒకదాని మీద ఒకటి పడ్డాయి' అనో, 'అసలు సంబంధమే లేదు' అనో చెబుతుంది. ఇంజన్ తప్పు లేదు, అడిగినదానికి కచ్చితంగా జవాబు చెప్పింది. అంత కచ్చితత్వం మన డేటాలో లేదు, అంతే.

కోఆర్డినేట్ల వరుస ఇంకో తలనొప్పి. డబ్ల్యూకేటీలో (ఆకారాలను టెక్స్ట్‌గా రాసే పద్ధతి) బిందువు ముందు రిఫరెన్స్ సిస్టమ్ (అంకెలను భూమి మీద ఎలా చదవాలో చెప్పే సూచన) రాయకపోతే జియోస్పార్కల్ ప్రకారం రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. ఈపీఎస్‌జీ 4326 అనే రిఫరెన్స్ సిస్టమ్ కోడ్ రాస్తే అక్షాంశం ముందు రావాలి. ఈ వరుస తలకిందులైతే నైరోబీ పోయి స్పెయిన్ దగ్గర మధ్యధరా సముద్రంలో తేలుతుంది. తిప్పిన అంకెలు కూడా చెల్లే అంకెలే కాబట్టి ఎర్రర్ రాదు. టోక్యో అయితే 139 డిగ్రీల అక్షాంశం అంటూ ఉండదు కనుక కనిపెట్టడం తేలిక. అందుకే డేటా లోడ్ చేయగానే ఆఫ్రికా, యూరప్ బిందువులను పటం మీద కళ్లతో చూడటం నాకు నియమం.

కొత్త ట్రిపుల్ స్టోర్ (ట్రిపుల్స్ దాచే డేటాబేస్) ఏదైనా చేతికొస్తే రెండు పరీక్షలు పెడతాను. లెసోతో చుట్టూ దక్షిణాఫ్రికానే ఉంటుంది. లెసోతోలోని ఒక ఊరు దక్షిణాఫ్రికా 'లోపల ఉంది' అని వస్తే, పాలిగాన్ (దేశం హద్దు ఆకారం) మధ్యలోని రంధ్రం లోడ్ కాలేదనో, ఇంజన్ దాన్ని పట్టించుకోలేదనో అర్థం. రెండోది ఫిజీ. అది 180 డిగ్రీల రేఖాంశానికి రెండు వైపులా పరుచుకుని ఉంది. దాని హద్దు పెట్టె అడిగితే భూమి చుట్టూ తిరిగొచ్చే పట్టీ ఇచ్చిన ఇంజన్లు చూశాను. ఇవి పాసైతేనే మిగతా మాటలు.

వేగం సంగతి దాచను. వేల బిందువులున్న పాలిగాన్లను టెక్స్ట్‌గా పెట్టుకుని, ప్రతిసారీ 'ఎవరు ఎవరి లోపల' అని లెక్కించమంటే పెద్ద డేటా మీద పని నత్తనడక నడుస్తుంది. నేను కుదుర్చుకున్న పద్ధతి ఇది: జామెట్రీ లెక్కలు పోస్ట్‌జీఐఎస్ అనే భూగోళ డేటాబేస్‌లో ఒక్కసారి చేసేసి, వచ్చిన సంబంధాలను ట్రిపుల్స్‌గా రాసి గ్రాఫ్‌లో (ట్రిపుల్స్ అన్నీ కలిసిన డేటాలో) పెట్టడం. ఆ తర్వాత క్వెరీలు హాయిగా పరిగెడతాయి. జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు అందరూ కలిసి గీసే పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఆర్‌డీఎఫ్‌గా (ట్రిపుల్స్ రూపంలోకి) మార్చే తమ పరికరంలో ఇలాగే ముందే లెక్కించి పెడతారు. వాళ్ల క్యూలెవర్ ఇంజన్ మీద నడిపి చూస్తే, ఈ రంగం ఇటువైపే వెళ్లాలి అనిపిస్తుంది.

2024లో వచ్చిన జియోస్పార్కల్ 1.1లో జియోజేసన్ అనే ఫార్మాట్‌కు చోటిచ్చారు, మీటర్లలో పొడవు, వైశాల్యం, దూరం ఇచ్చే ఫంక్షన్లు చేర్చారు. ఇవి 2012 నాటి ప్రమాణంలోనే ఉండాల్సినవి. అన్ని ఇంజన్లూ వీటిని పూర్తిగా అందిపుచ్చుకోలేదు, కాబట్టి ఎంచుకునే ముందు మీకు కావాల్సిన ఫంక్షన్ నిజంగా నడుస్తుందో లేదో పరీక్షించి చూడండి.

పరిశోధన ప్రాజెక్టుల ఎండ్‌పాయింట్ల (ఆన్‌లైన్‌లో క్వెరీలు తీసుకునే చిరునామాల) మీద మాత్రం ఆధారపడకండి. నిధులు అయిపోగానే సర్వర్ ఆగిపోవడం మామూలైపోయింది, పేపర్‌లో లింకు మిగులుతుంది, డేటా మిగలదు. వాడిన డంప్‌ను తేదీతో సహా దాచుకోవాలి. లైసెన్సులు కూడా చూసుకోండి: వికీడేటా సీసీ0 (ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు), జియోనేమ్స్‌కు మూలం చెప్పాలి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో తయారుచేసిన డేటాబేస్‌ను బయటపెడితే అదే లైసెన్సు కింద ఇవ్వాలి. మూడూ కలిపిన గ్రాఫ్‌ను విడుదల చేసే ముందు ఇది తేల్చుకోకపోతే తర్వాత టెన్షన్.

ఇన్నేళ్లలో తీరని కొరత ఒకటుంది. ఆల్ప్స్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయి? 1991 నాటి ఆల్పైన్ కన్వెన్షన్‌కు తనదైన హద్దు ఉంది, భూగర్భ శాస్త్రం చెప్పేది వేరు, అక్కడి మనుషుల మనసులో ఉన్నది ఇంకోటి. జియోస్పార్కల్‌లో ఈ మూడు గీతల్నీ ఆల్ప్స్‌కు తగిలించవచ్చు, కానీ 'ఈ ఊరు ఆల్ప్స్‌లో ఉందా' అంటే ఏ గీతను బట్టి అయినా అవును, కాదు అన్నవే జవాబులు. 'చాలావరకు ఉంది' అని చెప్పే మార్గం ప్రమాణంలో లేదు. మసక హద్దుల మీద ఎన్నో ఏళ్లుగా మంచి పరిశోధన జరుగుతోంది, అది ప్రమాణంలోకి ఇంకా చేరలేదు. అప్పటిదాకా నేను ఎవరి గీత వాడానో ఫలితం పక్కనే ఒక ట్రిపుల్‌గా రాసి పెడుతున్నాను.