జిప్సీకి కార్బురేటర్ తీసి ఇంజెక్షన్ పెట్టించాను: కంటోన్మెంట్ షెడ్డు పనితనం

నాది 1998 జిప్సీ కింగ్. వెనక సీట్లు తీసేసి పికప్‌లా వాడుకుంటున్నాను. ఎస్.కోట దగ్గర మాకు మామిడి నర్సరీ ఉంది. అంటు మొక్కలు వేసుకుని వారానికి రెండుసార్లయినా అరకు ఘాట్ ఎక్కాలి. గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్‌తో నేను పడ్డ బాధంతా ఆ ఘాట్‌లోనే. టైడ దాటాక నిలువు మలుపుల్లో బండి ఒరిగితే, కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నెలో (ఫ్లోట్ చాంబర్‌లో) పెట్రోలు ఒక పక్కకు చేరిపోయి ఇంజన్ దగ్గేది. పైకి వెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది, పెట్రోలు వదిలే సన్న రంధ్రం (జెట్) మాత్రం పెట్రోలు ఆ లెక్కన తగ్గించదు. గాలికొండ చేరేసరికి నల్లపొగ, ముక్కు మూసుకునేంత పెట్రోలు వాసన, బండిలో లాగుడు ఉండేది కాదు. మే నెలలో టీ తాగడానికి ఆపితే, మళ్లీ స్టార్ట్ అయ్యేదాకా టెన్షనే.

ఎంపీఎఫ్ఐ జిప్సీ ఇంజన్, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఇంజన్, మొత్తం తెచ్చి పెట్టేయమన్నారు కొందరు. ఇంజన్ నంబరు మారితే ఆర్టీఓ అనుమతి తీసుకుని ఆర్‌సీలో మార్పించుకోవాలి. పైగా నా ఇంజన్‌కి ఏ జబ్బూ లేదు. అందుకే ఇంజన్ అలాగే ఉంచి ఇంజెక్షన్ ఒక్కటే పెట్టే మనిషి కోసం వెతికాను. విజయనగరం కంటోన్మెంట్‌లో ఒక చిన్న షెడ్డులో దొరికాడు.

వెళ్లగానే ఇంజన్ సంగతి ఎత్తలేదు, ముందు ట్యాంకు దించాడు. "ట్యాంకు కడక్కుండా ఇంజెక్టర్ పెడితే నెల్లాళ్లకే మూసుకుపోద్ది మాస్టారూ" అన్నాడు. దించి వంచితే దోసెడు తుప్పు వచ్చింది. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది. ఎందుకంటే అంతకుముందు వేరే ఊళ్లో ఒకాయన ట్యాంకు వైపు చూడకుండానే రేటు చెప్పేశాడు.

ఇంజన్‌లోకి గాలి వెళ్లే పాత మానిఫోల్డుకే ఆర్గాన్ వెల్డింగ్‌తో నాలుగు ఇంజెక్టర్లకు చోటు చేశాడు. ఇంజెక్టర్లు, లోపలికి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ పాత కారువి. పంపు, ఫిల్టర్, ఎంత పెట్రోలు చిమ్మాలో లెక్క చూసే చిన్న కంప్యూటర్ (ఈసీయూ) కొత్తవి. స్పార్క్ పని, ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే పాత డిస్ట్రిబ్యూటర్‌కే వదిలేశాడు. పాత పంపు ఇచ్చే ప్రెషర్ కార్బురేటర్‌కి చాలు కానీ ఇంజెక్టర్లకు ఏ మూలకూ చాలదు. కొత్త పంపు పెట్టి గేజ్ తగిలిస్తే మూడు బార్లు చూపించింది. అంత ప్రెషర్‌కి మామూలు రబ్బరు గొట్టం పనికిరాదు. పైగా ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరుని అది తినేస్తుంది. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా, మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకుకి వచ్చే లైనుతో సహా, ఇంజెక్షన్ బళ్లకు వాడే గొట్టాలు, క్లిప్పులే వేశాడు. పంపుకి విడిగా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు), ఫ్యూజు పెట్టాడు. ఇంజన్ ఆగిపోతే పంపు కూడా ఆగిపోవాలి కదా, ప్రమాదంలో ప్రాణం కాపాడేది అదే. నా ముందే ఆపి చూపించాడు.

నేను మర్చిపోలేనిది ఆఖరి రోజు. "షెడ్డులో బాగుంటే సరిపోదు, మీ ఘాట్‌లోనే చూద్దాం" అని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. వెనక వంద మొక్కలు వేశాను. అనంతగిరి దాకా నాలుగుచోట్ల ఆపించి పెట్రోలు లెక్క సరిచేశాడు. గాలి ఒత్తిడి ఎంతుందో చూసే సెన్సార్ ఉంది కాబట్టి పైకి వెళ్లేకొద్దీ ఈసీయూ తనే తగ్గించుకుంటోంది. గాలికొండ దగ్గర ఇంజన్ ఆపి, పది నిమిషాలాగి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. ఇరవై ఏళ్లుగా ఆ ఘాట్ ఎక్కుతున్నాను, కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

మొత్తం 78 వేలు అయింది. ముందు లీటరుకి తొమ్మిది ఇచ్చేది, ఇప్పుడు పన్నెండుకి కొంచెం తక్కువ. ఛోక్ లాగే పని లేదు.

ఒక స్టార్ తగ్గించి నాలుగే ఇస్తున్నాను. వారం అని చెప్పి పందొమ్మిది రోజులు ఉంచాడు, ఆ సీజన్లో నాకు అద్దె బండి ఖర్చు పడింది. రెండోది, వైరింగ్ బొమ్మ గీసి ఇవ్వలేదు. రేపు అరకులో ఏ వైరు ఊడినా అక్కడి మెకానిక్‌కి ఏది ఎక్కడికి వెళ్లిందో తెలియదు. మీరు వెళ్తే డబ్బు ఇచ్చే ముందే ఆ బొమ్మ, ఈసీయూ సెట్టింగుల కాపీ అడిగి తీసుకోండి. నేను మొదటి ఫిల్టర్ మార్పించడానికి వచ్చే నెల వెళ్తున్నాను, అప్పుడు కూర్చుని గీయించుకుంటాను.