నెల్లూరులో మా రెండో అంతస్తు జిమ్: అన్నీ ఉండాయి, చిన్న ప్లేట్లు తప్ప

ఐదు నెల్ల నుంచి పోతా ఉండా కాబట్టి ఇప్పుడు రాస్తే న్యాయంగా ఉంటుంది, మొదటి వారంలో రాసుంటే అన్నీ తిట్లే ఉండేవి. పేరు మాత్రం రాయను, ఓనరు మా వీధాయనే, రేప్పొద్దున టీ అంగడి కాడ ఎదురుపడాల. మినీ బైపాస్ వైపు, కింద బట్టల షాపు, పైన జిమ్, అంతే చెప్తా.

నా సంగతి చెప్పాలంటే వయసు 37, రోజంతా కుర్చీలో కూర్చునే పని, 84 కిలోలు, చేతులేమో పుల్లలు, పొట్ట ఒక్కటే ముందుకు. చేరిన రోజే మూణ్ణెల్లకి 4500 కట్టించుకొని ట్రెడ్‌మిల్ ఎక్కించి "అన్నా ముందు పొట్ట కరగనీ, బరువులు తర్వాత చూద్దాం" అన్నారు. రెండు వారాలు పిచ్చోడి మాదిరి పరిగెత్తా. తర్వాత తెలిసిందేందంటే కొత్తగా బరువులెత్తేవాళ్ళకి, తిండి కాస్త తగ్గించి ప్రోటీన్ సరిపడా తింటే, కండ పెరగడం కొవ్వు తగ్గడం రెండూ ఒకేసారి జరుగుతాయి, ముందు ఇది తర్వాత అది అని వరసేం లేదు. ఏళ్ళ తరబడి చేసినోళ్ళకే అది కష్టం. ఇంకోటి, క్రంచెస్ ఎన్ని కొట్టినా పొట్ట మీది కొవ్వే ఏరుకొని కరగదు, శరీరం దాని ఇష్టం వచ్చిన చోట నుంచి తీసుకుంటుంది.

ఈ జిమ్‌కి నేను మార్కులేసేది పొద్దున పూట ఉండే కుర్ర కోచ్‌ని చూసే. పర్సనల్ ట్రైనింగ్ అని నెలకి 5000 అడిగారు, కట్టలా, అయినా ఆ అబ్బాయి ఊరికే వదల్లా. డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీదున్న ఇనప బార్‌ని వీపు వంచకుండా పైకి లేపడం, అది నేర్పడానికి బార్ ఇవ్వకుండా తుడిచే మాప్ కర్ర తెచ్చి నా వీపుకి నిలువుగా ఆనించి, తల వెనక, భుజాల మధ్య, నడుం కింద, మూడు చోట్లా కర్ర తగులుతా ఉండాల, ఇప్పుడు తలుపుని వెనకతో నెట్టినట్టు వంగన్నా అన్నాడు. నేను వంగడం ఆలస్యం కర్ర నడుం దగ్గర లేచిపొయ్యేది. వారం రోజులు ఉత్త కర్రే. అందరూ చూస్తా ఉంటే సిగ్గుగానే ఉండింది కానీ ఇవాళ్టి దాకా నడుం పట్టుకోలా.

స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకొని గుంజీలు), బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకొని బార్‌ని పైకి నెట్టేది) కూడా ఖాళీ బార్‌తోనే మొదలు, ఖాళీ అంటే మళ్ళీ తేలికనుకోబాకండి, పెద్ద బార్ ఒక్కటే 20 కిలోలు. గోడల నిండా ఫారిన్ బాడీ బిల్డర్ల ఫోటోలే, 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన మన కరణం మల్లీశ్వరి ఫోటో ఒక్కటి పెట్టలా, అదేందో మరి.

ఇప్పుడు అసలు కంప్లెయింట్. బలం పెరగాలంటే బరువు కొంచెం కొంచెంగా పెంచుకుంటా పోవాల, వారానికి ఒక రవ్వ. దానికి 1.25 కిలోల ప్లేట్లు కావాల, బార్‌కి రెండు వైపులా వేస్తే రెండున్నర కిలోలు పెరుగుతుంది. జిమ్ మొత్తానికి అవి ఒక్క జతే, అందులో ఒకటి వాటర్ డిస్పెన్సర్ స్టాండు కాలు కింద! ఊగుతా ఉంటే పెట్టారంట. నేను బెంచ్ మీద 30 కిలోల దగ్గర మూడు వారాలు ఇరుక్కున్నా, ఎందుకంటే తర్వాతది 35, ఆరో వంతు ఒకేసారి పెంచితే కొత్తోడి చేతులు ఏం లేస్తాయి. ఓనర్ని అడిగితే "చిన్నవి ఎవురేసుకుంటారు అన్నా" అన్నాడు. 20 కిలోల ప్లేట్లు మాత్రం గోడకి ఆనించి గుట్ట, వాటిని వాడేది ముగ్గురో నలుగురో. చివరికి నేనే ఒక జత కొనుక్కొని బ్యాగులో తీసుకుపోతా ఉండా, తర్వాతి వారమే 32.5 లేచింది. జిమ్‌లో చేరేముందు ఏసీ, అద్దాలు కాదు చూడాల్సింది, అన్నిటికన్నా చిన్న ప్లేటు ఏదో చూడండి.

రెండో కంప్లెయింట్ పొడి డబ్బాలు. ఇంత పొట్ట ఉన్న నాకు మాస్ గెయినర్, అంటే బరువు పెంచే పొడి, అమ్మబోయారు! వెనక లేబుల్ చదివితే సగానికి పైన కార్బోహైడ్రేటే, దానికన్నా అన్నం చవక. కిలో బరువుకి 1.6 గ్రాముల లెక్కన నాకు రోజుకి 130 చిల్లర ప్రోటీన్ కావాల. గుడ్డుకి 6 గ్రాములు, నాలుగు తింటే 24. మీల్ మేకర్ యాభై గ్రాములు నానబెట్టి కూర చేస్తే ఇంకో 25. మిగతాది చికెన్, చేపలు, రొయ్యలు, పెరుగు, నెల్లూరులో ఉండి చేపలకి కరువా. కాకపోతే చేపల పులుసుతో చిక్కేందంటే ముక్కలు రెండు, అన్నం మూడు సార్లు. మా ఆవిడ ముందు ముక్కలు తిను, తర్వాతే పులుసన్నం అని రూలు పెట్టింది. కారం దోశ ఆదివారానికి మార్చా, నెయ్యో నూనో ఒక పెద్ద స్పూను పెరిగితే వంద క్యాలరీలు పైనే.

మొదటి ఆరు వారాలు కాటా ఒక్క కిలో కూడా కదల్లా, మానేద్దామనుకున్నా, బెల్టు మాత్రం రెండు బొక్కలు లోపలికి పోయింది. ఇప్పుడు 81 కిలోలు, 36 ప్యాంటు నుంచి 34కి వచ్చా. బెంచ్ 42.5, స్క్వాట్ 60, డెడ్‌లిఫ్ట్ 80.

మిగతావి: పార్కింగ్ లేదు. ఏసీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకే. డెడ్‌లిఫ్ట్ పొద్దున తొమ్మిది లోపే చెయ్యాల, షాపు తెరిచాక బార్ కింద పెడితే చీరల మీద సున్నం రాలుతుందని వాళ్ళు పైకొచ్చి పోట్లాడతారు, ఒకసారి నా వల్లే వచ్చారు.

ఐదుకి మూడున్నర ఇస్తా, అందులో రెండు ఆ కోచ్‌వే. మళ్ళీ మూణ్ణెల్లకే కట్టా, సంవత్సరానికి కట్టమని అడుగుతానే ఉండారు, రోహిణి కార్తెలో పొద్దున పూట ఏసీ వేస్తారో లేదో చూశాక అప్పుడు ఆలోచిస్తా.