ఇద్దరికీ ఒకే సంగటి: బెంగళూరులో ఒక పిల్లల పోషణ విభాగం

మారతహళ్ళిలో మా ఇంటికి పనికి వచ్చే అనంతపురం అమ్మాయికి 16 నెలల కవల మగపిల్లలున్నారు. పెద్దవాడు ఎముకలు లెక్కపెట్టగలిగేంతగా చిక్కిపోయాడు. చిన్నవాడికి బుగ్గలు ఉబ్బితే ఒళ్ళు వచ్చిందని తల్లి సంబరపడింది. మందుల దుకాణంలో ఆమెకు ఒక ప్రొటీన్ పొడి డబ్బా అంటగట్టారు. దాని మూత తీయకముందే పిల్లలను నగరంలోని ఒక ఆస్పత్రి పోషణ విభాగానికి తీసుకువెళ్ళాం.

వైద్యురాలు ముందుగా చిన్నవాడి రెండు పాదాలనూ బొటనవేళ్ళతో కాసేపు నొక్కి వదిలారు. రెండు చోట్లా గుంటలు పడి అలాగే ఉండిపోయాయి. పెద్దవాడి దండచేతికి చుట్టిన రంగుల టేపు 11.5 సెంటీమీటర్ల లోపే, తీవ్ర పోషకాహార లోపాన్ని సూచించే ఎరుపు మీద ఆగింది. చిక్కినవాడిది మరాస్మస్ అనీ, ఉబ్బినవాడిది క్వాషియోర్కర్ అనీ, రెండూ తీవ్ర పోషకాహార లోపపు రూపాలేననీ, ఆ ఉబ్బు కండ కాదు నీరనీ చెప్పి, ఇద్దరినీ వెంటనే చేర్చుకున్నారు.

“ఇద్దరికీ ఒకే సంగటి పెట్టినా మేడమ్, వీనికే ఎందుకిట్లా?” అని తల్లి అడిగింది. వైద్యురాలు కుర్చీ దగ్గరకు లాక్కుని తెలుగులో ఇచ్చిన జవాబుకే ఈ విభాగాన్ని నేను అందరికంటే మిన్నగా మెచ్చుకుంటాను. తిండి చాలనప్పుడు శరీరం సొంత కండను కరిగించి, కాలేయానికి అమైనో ఆమ్లాలు అందించి నెట్టుకొస్తుందనీ, ఆ సర్దుబాటు కుదరని బిడ్డకు వాపు వస్తుందనీ, ఈ రెండు రకాల పిల్లల తిండిలో చెప్పుకోదగ్గ తేడా లేదనీ పోషకాహార శాస్త్రవేత్త డాక్టర్ సి. గోపాలన్ ఏనాడో వాదించారట. ఆఫ్రికాలోని మలావీ దేశపు కవలలపై 2013లో వెలువడిన పరిశోధనలో, ఒకే జన్యువులు పంచుకున్న జంటల్లోనూ ఒకరికి క్వాషియోర్కర్ వచ్చి మరొకరికి రాకపోవడం కనిపించింది. జబ్బుపడిన కొందరు పిల్లల పేగుల్లోని సూక్ష్మజీవులను ఎలుకలకు ఎక్కించి మలావీ తిండే పెడితే, వాటి బరువు బాగా పడిపోయింది. తప్పు తనది కాదని ఆ తల్లికి అంత ఓపికగా చెప్పిన వారిని నేను అంతకుముందు చూడలేదు.

తొలి రోజుల్లో 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలు, 0.9 గ్రాముల ప్రొటీన్ మాత్రమే ఉండే ఎఫ్-75 అనే చికిత్స పాలను, రాత్రిళ్ళు కూడా, కొద్దికొద్దిగా పట్టారు. కాలేయం, మూత్రపిండాలు నీరసించిన బిడ్డకు ఒక్కసారిగా ఎక్కువ ప్రొటీన్ పెడితే ప్రమాదమని ఆ డబ్బాను పక్కన పెట్టించారు.

లోపం ఒకటుంది. వాపు దిగేకొద్దీ చిన్నవాడి బరువు తగ్గింది. అది మంచి సూచనే, కానీ ముందుగా చెప్పి ఉంటే తల్లి ఒక రాత్రంతా ఏడ్చేది కాదు. గోడమీది పట్టికలు కూడా కన్నడం, ఇంగ్లీషుల్లోనే ఉన్నాయి. పాలు పట్టే వేళలను ఒక నర్సమ్మ తెలుగులో కాగితం మీద రాయించి మంచం పక్కన అంటించారు.