బారువలో మా కొబ్బరాకు పాకలు, ఇప్పుడు దిగడానికి ఉన్న చోట్లు

శ్రీకాకుళం జిల్లా సముద్రతీరంలోని బారువ వెళ్తే ఎక్కడ దిగాలని అడిగినవాళ్ళకు 2018కి ముందు నేను ఒకటే మాట చెప్పేవాణ్ణి. ఊరు దాటి కొబ్బరితోటల్లోంచి సముద్రం వైపు వెళ్ళండి, సరుగుడు చెట్లు మొదలయ్యే చోట నాలుగైదు పాకలు కనిపిస్తాయి, అక్కడ దిగండి అని. ఆ ఏడాది అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఆ పాకలు పోయాయి.

మాది విజయనగరం. హౌరా లైన్లో ఏ పాసింజరో పట్టుకుని సోంపేట స్టేషన్లో దిగేవాళ్ళం. పేరు సోంపేటే అయినా స్టేషన్ ఉన్నది కంచిలిలో, కొత్తవాళ్ళు అది గుర్తుపెట్టుకోండి. అక్కడి నుంచి ఆటోలో సోంపేట, సోంపేట నుంచి బారువ.

పాక అంటే నడుమెత్తు ఇటుక గోడ, దానిపైన తడికలు, సరుగుడు వాసాల మీద నేసిన కొబ్బరాకు కప్పు. లోపల గచ్చు నేల, పీచు తాడుతో అల్లిన మంచాలు, ఒక ఫ్యాను, ఒక బల్బు. స్నానాల గదులు వెనకాల విడిగా ఉండేవి, నీళ్ళు బోరింగు కొట్టి పట్టుకోవాలి. ఏసీ లేదు, టీవీ లేదు. ఇద్దరికి రోజుకు ఆరేడు వందలు తీసుకునేవారు, భోజనం వేరు. కరెంటు తరచూ పోయేది. పోయినా పెద్దగా తెలిసేది కాదు, ఎందుకంటే తడికల సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉండేది. మే నెల మధ్యాహ్నం కూడా ఆ కప్పు కింద హాయిగా నిద్ర పట్టేది.

తోట ఓనర్ని మేం మావయ్యా అనేవాళ్ళం, వాళ్ళావిడ పిన్ని. మెనూ కార్డు ఉండేది కాదు. పొద్దున తెప్పలు ఒడ్డుకు వచ్చాక ఏం దొరికితే అదే కూర. నెత్తళ్ళు వస్తే వేపుడు, పెద్ద చేప వస్తే పులుసు. వేసవికి ముందు వెళ్తే ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఉండేది. ఉద్దానంలో, అంటే ఈ కొబ్బరి, జీడితోటల తీరప్రాంతంలో, ఆ కూర తిన్నవాళ్ళకు ఇంకెక్కడా రుచించదు, ఈ మాట గట్టిగానే చెప్తాను. పిల్లలు కారం తినరంటే పిన్ని ముందే వాళ్ళ వాటా పక్కకు తీసి ఉంచేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. జనవరి నుంచి ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తాబేలు పిల్లలు ఇసుకలోంచి బయటికొచ్చి వెలుతురున్న వైపు పాకుతాయి. ఒడ్డున లైట్లుంటే సముద్రం అటే ఉందనుకుని రోడ్డెక్కుతాయి. ఆ నెలల్లో మావయ్య చీకటి పడగానే బయటి బల్బులన్నీ తీసేసేవాడు. గదిలో లైటు వేసుకున్నా సముద్రం వైపు తడిక మీద గోనెపట్టా దించమనేవాడు. ఎవరైనా సణిగితే చేతిలో టార్చి పెట్టి, దాన్ని కిందికే కొట్టమని చెప్పేవాడు.

తుపాన్లు ఆ తోటకు కొత్త కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ ఒడిశాలోని గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ కప్పులన్నీ లేచిపోయాయి, కొన్ని చెట్లు పడ్డాయి. సంక్రాంతికి వెళ్తే పాకలు మళ్ళీ నిలబడి ఉన్నాయి. చివరి పాకకు కప్పు నేయడం ఆ రోజే చూశాను. కొబ్బరి మట్టను నడిమికి చీల్చి నీళ్ళలో నానబెడతారు. మెత్తబడ్డాక ఆకును అడ్డంగా అల్లి, కింది నుంచి పైకి వరసలు పేర్చుకుంటూ వాసాలకు తాడుతో కడతారు. ఆకు, తాడు, దూలానికి దుంగ అన్నీ ఆ తోటలోవే. కూలి తప్ప పైసా ఖర్చు లేదని మావయ్య అన్నాడు.

తిత్లీ అలా వదల్లేదు. తుపాను వస్తోందని ముందే చెప్పడంతో పాకల్లో ఎవర్నీ ఉంచలేదు, ఇంట్లోవాళ్ళు షెల్టరుకి వెళ్ళిపోయారు. ప్రాణాలు దక్కాయి, అది చాలా పెద్ద విషయం. తర్వాత నేను వెళ్ళి చూసేసరికి నడుముకి విరిగిన చెట్లు కొన్ని, వేళ్ళతో సహా లేచినవి కొన్ని. ఇటుక గోడలు కూలి ఉన్నాయి, తడికల జాడ లేదు. బోరింగు ఒక్కటే నిలబడి ఉంది, కొడితే నీళ్ళు వచ్చాయి. మళ్ళీ కట్టరా మావయ్యా అని అడిగాను. "కప్పు పోతే నేసుకుంతాం బాబూ. చెట్లే పోతే ఏటెట్టి నేత్తాం?" అన్నాడు. వజ్రపుకొత్తూరు, మందస, కవిటి, ఏ మండలానికి వెళ్ళినా కొబ్బరి, జీడి రైతులు అప్పుడు అదే మాట అన్నారు.

తర్వాత ఈ తీరంలో వేరే చోట్ల దిగాను. బారువలోనే ఒక స్లాబు గదుల బస ఉంది. గది శుభ్రంగా ఉంది, ఏసీ పనిచేసింది, బాత్రూము లోపలే. పెద్దవాళ్ళను తీసుకెళ్తే నిజంగా సుఖం. కానీ తలుపు వేస్తే సముద్రం వినపడదు. భోజనం సోంపేట నుంచి తెప్పించుకోవాలన్నారు, వచ్చేసరికి చల్లారిపోయింది. రాత్రంతా ఒడ్డు వైపు పెద్ద లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఫిబ్రవరిలో అలా వదిలేయకండని చెప్పాను, సరే అన్నారు కానీ తీయలేదు. చాలా బాధపడ్డాను.

అక్కుపల్లి శివసాగర్ బీచ్ చూడాలంటే కాశీబుగ్గ లాడ్జీల్లో దిగి ఆటో మాట్లాడుకోవడం మేలు. వచ్చేటప్పుడు మందస కోవా, పలాస జీడిపప్పు ఎలాగూ కొంటారు. కళింగపట్నానికి శ్రీకాకుళంలో దిగి పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయొచ్చు. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, దగ్గర్లో శాలిహుండం బౌద్ధ స్తూపాలు, ఒక రోజుకు సరిపోతాయి. ఉద్దానంలో ఎక్కడ దిగినా తాగడానికి క్యాను నీళ్ళే వాడండి. అక్కడి కిడ్నీ జబ్బులకు కారణం ఇంకా తేలలేదు, ఊళ్ళోవాళ్ళు కూడా జాగ్రత్తగానే ఉంటున్నారు.

తిత్లీ తర్వాత మావయ్య నాటిన మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. నాటు కొబ్బరికి ఆరేడేళ్ళు పడుతుంది కదా. మట్టలు మళ్ళీ దొరుకుతున్నాయి. కొడుకేమో కడితే స్లాబే కడదాం, ఇంకో తుపానుకు భయముండదు అంటున్నాడు. అతని మాట కొట్టిపారేయలేం, ఆ రాత్రి షెల్టర్లో కూర్చున్నది అతనే. నేను మాత్రం గాలివానకు తట్టుకునేలా ఒక స్లాబు గది వెనక వేసుకుని, ముందు రెండు పాకలైనా నేయించమని చెప్పాను. పాకలకయ్యే కూలి అడ్వాన్సుగా ఇస్తానన్నాను, గది అద్దెలో మెల్లగా తీర్చుకోవచ్చు. పిన్ని ఒప్పుకుంది. కొడుకు ఆలోచిస్తానన్నాడు.